సాగు భూముల అడుగున గొట్టాల తాకిడి: గుర్తింపు, నివారణ

కాలువ ఆయకట్టులోని ఒక పరిశోధన క్షేత్రంలో కొన్నేళ్ళ క్రితం జరిగిన సంగతితో ఈ వ్యాసాన్ని ప్రారంభించడం సముచితంగా ఉంటుంది. నల్లరేగడి మడిలో రబీ మొక్కజొన్నపై నత్రజని మోతాదుల ప్రయోగం సాగుతున్నది. విత్తిన 40 రోజులకు మూడవ రెప్లికేషనులో సుమారు 8 మీటర్ల వెడల్పున ఒక పట్టీ మేర పైరు పసుపు రంగుకు తిరిగింది. నత్రజని లోపమని తొలుత భావించాము. అయితే అత్యధిక మోతాదు ఇచ్చిన ప్లాటు కూడా అదే విధంగా పసుపుబారడంతో కారణం ఎరువు కాదని తేలిపోయింది. మొక్కలను పీకి చూడగా వేళ్ళు కురచగా, గోధుమ రంగులో ఉన్నాయి. పరిశీలక గొట్టంలో నీటిమట్టం పక్క మడులకంటే చాలా పైన ఉంది. ఆ మడుల అడుగున 30 మీటర్ల ఎడంతో భూగర్భ మురుగునీటి గొట్టాలు వేసి ఉన్నాయి. పసుపుబారిన పట్టీ సరిగ్గా వాటిలో ఒకదాని మీదుగా ఉంది. ఆ గొట్టం నుండి కలెక్టరు గుంతలోకి చుక్క నీరు రావడం లేదు.

పూడిక చేరి ఉంటుంది, లేదా వేళ్ళు చొచ్చుకొని ఉంటాయి అనుకొని, కొనకు కత్తి అమర్చిన రాడ్డును గొట్టంలోకి నడిపి శుభ్రం చేసే మనిషిని పిలిపించాము. అతడు వచ్చిన రోజున మా క్షేత్ర సహాయకుడు కంచె అవతల రోడ్డు పక్కన పాతిన ఒక కేబులు గుర్తు రాయిని చూపి, "నిరుడు ఆ కేబులు వాళ్ళు ఇటుగానే బోరు కొట్టారండీ సార్, రాడ్డు పెట్టేముందు ఒకసారి తవ్వి చూద్దామా?" అన్నాడు. పలుగు, పారలతో నెమ్మదిగా తవ్వించగా 1.1 మీటర్ల లోతున కేబులు డక్టు బయటపడింది. అది మా మురుగు గొట్టాన్ని ఒక పక్క చీల్చుకొని ప్రవేశించి రెండవ పక్క నుండి వెలువడి ఉంది. డ్రిల్లింగులో వాడిన బెంటొనైటు బురద దాని చుట్టూ పేరుకొని గొట్టాన్ని పూర్తిగా మూసివేసింది. రోడ్డు మీది కల్వర్టును తప్పించడానికి ఆ బోరు మా క్షేత్రం మూల గుండా వచ్చింది.

ఆ రెప్లికేషనుకు సంబంధించిన రెండు రబీల గణాంకాలను వదులుకోవలసి వచ్చింది. మొదటి సంవత్సరం దిగుబడి తగ్గుదలను మేము మామూలు వ్యత్యాసంగానే లెక్కవేసి ఉన్నాము. ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తూ ఉంటుంది.

ఇందులో తప్పంతా కేబులు వేసినవారిదే అనడం న్యాయం కాదు. బోరు వేసేముందు వారు కాపలాదారుని "ఇక్కడ నీళ్ళ పైపులున్నాయా?" అని అడిగారు. అతడు తనకు కనిపించే వాల్వు గుంతను చూపాడు. మా కార్యాలయంలోని నక్షాలో మురుగు గొట్టాలు స్కేలు పెట్టి గీసిన సరళరేఖలు. వాస్తవంలో ఆ గొట్టం ఒక చింతచెట్టు వేళ్ళను తప్పించడానికి దాదాపు 2 మీటర్లు పక్కకు జరిపి వేయబడింది. ఆ విషయం తెలిసిన సాంకేతిక సహాయకుడు పదవీ విరమణ చేసి అప్పటికి ఆరేళ్ళు. వారు నేరుగా మమ్మల్నే అడిగి ఉన్నా తప్పు సమాధానమే చెప్పి ఉండేవారము.

ఆనాడే బయటపడని ప్రమాదం

కందకం తవ్వకుండా భూమి లోపల అడ్డంగా రంధ్రం చేసుకుంటూ పోయి గొట్టాన్ని గాని, కేబులును గాని లాగే పద్ధతిని హారిజాంటల్ డైరెక్షనల్ డ్రిల్లింగ్ అంటారు. ఈ పద్ధతిలో వేసిన కొత్త లైను అంతకుముందే ఉన్న మరొక లైనులోకి దూసుకుపోవడాన్ని సాంకేతిక పరిభాషలో క్రాస్ బోర్ అని వ్యవహరిస్తారు. జేసీబీతో తవ్వినపుడు పైపు పగిలితే నీరు చిమ్ముతుంది, కేబులు తెగితే ఫోన్లు ఆగిపోతాయి; తప్పు జరిగిన చోటే, జరిగిన గంటలోనే తెలిసిపోతుంది. క్రాస్ బోర్‌లో అలా జరగదు. తడి బంకమట్టిలో పోతున్న డ్రిల్లు పలుచని ప్లాస్టిక్ గొట్టాన్ని చీల్చినపుడు యంత్రం నడిపేవానికి చెప్పుకోదగిన నిరోధం తెలియదు. ఒత్తిడి లేకుండా వాలుమీద నీరు పారే మురుగు గొట్టం దెబ్బతిన్నా పైకి ఏ సూచనా రాదు. రెండు లైన్లూ పనిచేస్తున్నట్లే కనిపిస్తాయి.

ఈ జాప్యం ఎంత దూరం పోగలదో చెప్పడానికి అమెరికాలోని కెనోషా పట్టణ సంఘటనను తరచుగా ఉదహరిస్తారు. 1976 ఆగస్టు 29న విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆ పట్టణంలో ఒక ఇల్లు పేలిపోయి ఇద్దరు మరణించారు. దర్యాప్తులో తేలినదేమంటే, బోరింగు పద్ధతిలో వేసిన ప్లాస్టిక్ గ్యాసు గొట్టం ఇంటి మురుగు గొట్టంలోకి చొచ్చుకొని పోయి ఉంది. మురుగు పారడం లేదని గొట్టాన్ని శుభ్రం చేయించినపుడు తిరుగుడు కత్తి గ్యాసు గొట్టానికి రంధ్రం చేసింది. గ్యాసు మురుగు గొట్టం వెంబడి ఇంటిలోకి చేరింది. మా క్షేత్రానికి వచ్చిన మనిషి చేతిలో ఉన్నది కూడా అటువంటి కత్తే. అక్కడ ఉన్నది గ్యాసు, ఇక్కడ ఉన్నది గాజుతంతి కేబులు, తేడా అంతమాత్రమే.

బెల్జియంలోని ఘిస్లెంఘియన్ సంఘటన క్రాస్ బోర్ కాకపోయినా ఇదే జాప్యాన్ని మరొక రూపంలో చూపుతుంది. 2004 జూలై 30న అక్కడ అధిక పీడన గ్యాసు పైపులైను పేలి 24 మంది మరణించారు. అంతకుముందు జరిగిన నిర్మాణ పనులలో ఒక యంత్రం గొట్టం లోహాన్ని గీరి పలుచన చేసింది. గీత పడినపుడు గొట్టం నిలిచింది. తరువాత లోపలి పీడనం పెరిగినపుడు చీలింది.

మన పొలాల కింద ఏమున్నాయి?

ఒక తరం క్రితం పొలం కింద వేళ్ళు, రాళ్ళు తప్ప మరేమీ లేవని ధైర్యంగా చెప్పగలిగేవారము. ఇప్పుడు ఆ మాట చెల్లదు. కాకినాడ ప్రాంతం నుండి బయలుదేరి తెలుగు రాష్ట్రాలను దాటి గుజరాత్ వరకు పోయే తూర్పు-పడమర గ్యాసు పైపులైను, విశాఖపట్నం-విజయవాడ-సికింద్రాబాద్ పెట్రోలియం ఉత్పత్తుల పైపులైను, గోదావరి జిల్లాల గ్యాసు లైన్లు చాలావరకు సాగు భూముల గుండానే పోతున్నాయి. తెలంగాణలో మిషన్ భగీరథ తాగునీటి గొట్టాల కందకాలలోనే టీ-ఫైబర్ డక్టులను కూడా పరిచారు. ఒక్క చోట తవ్వితే రెండింటికీ ముప్పు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు లైను లీకై నిప్పంటుకొని ఇరవై మందికి పైగా మరణించిన సంఘటనకు తవ్వకం కారణం కాదు. అయినా కొబ్బరితోటల మధ్య గ్యాసు బయటికి వస్తే ఏమవుతుందో తెలుగువారికి వేరే దేశపు ఉదాహరణ అవసరం లేదని ఆ రోజు తెలిపింది.

లోతులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే సమస్య స్వరూపం అర్థమవుతుంది. డ్రిప్ మెయిన్, సబ్ మెయిన్ లైన్లు సాధారణంగా 45 నుండి 60 సెంటీమీటర్ల లోతులో ఉంటాయి. సబ్‌సాయిలరు కొన కూడా ఇంచుమించు ఆ లోతుకే చేరుతుంది. మామిడి, కొబ్బరి మొక్కలకు తీసే గుంత మీటరు లోతు. భూగర్భ మురుగునీటి గొట్టాలు మీటరు నుండి మీటరున్నర మధ్య ఉంటాయి. కందకం తవ్వి వేసే ఆప్టికల్ ఫైబర్ కేబులుకు మన దేశంలో టెలికాం శాఖ పాటిస్తూ వచ్చిన ప్రమాణం 1.65 మీటర్లు. డ్రిల్లింగులో ఆ లోతు స్థిరంగా ఉండదు. భూమిలోకి దిగే చోట, పైకి లేచే చోట బోరు వంపు తిరిగి తక్కువ లోతులన్నింటినీ దాటుకొని పోతుంది. ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది ఈ రెండు కొసలలోనే. మా క్షేత్రంలో తాకిడి జరిగింది కూడా బోరు పైకి లేస్తున్న చోట.

1990 దశకం చివర ఇండో-డచ్ ప్రాజెక్టు కింద బాపట్ల శాస్త్రవేత్తలు కొణంకి, ఉప్పుగుండూరు ప్రయోగ క్షేత్రాలలో భూగర్భ మురుగునీటి పారుదల వ్యవస్థను రైతుల పొలాలలో పరీక్షించిన విషయం పాఠకులకు తెలిసినదే. చౌడు, నీటిముంపు ఉన్న ఆయకట్టు భూములకు ఆ పద్ధతిని సిఫారసు చేస్తున్న మనమే, ఆ గొట్టాలను దాటబోయే తరువాతి లైన్ల గురించి కూడా ఆలోచించవలసి ఉంటుంది.

పరికరం ఏమి చూడగలదు, ఏమి చూడలేదు

లోహపు గొట్టాలను, విద్యుత్ కేబుళ్ళను కనుగొనడం కొంత సులభం. విద్యుదయస్కాంత లొకేటరు అనే పరికరం లైనులోకి 33 కిలోహెర్ట్జ్ వంటి పౌనఃపున్యంలో సంకేతాన్ని పంపి, దాని చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్ని నేలపై నుండి గుర్తిస్తుంది. కరెంటు పారుతున్న కేబులయితే 50 హెర్ట్జ్ సంకేతం దానంతట అదే వెలువడుతుంది. విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. పక్కపక్కన రెండు లైన్లున్నపుడు క్షేత్రం వక్రిస్తుంది, పరికరం లేనిచోట లైనును చూపుతుంది. సంకేతం గరిష్ఠంగా వచ్చే చోటును, శూన్యమయ్యే చోటును విడివిడిగా కొలిచి, ఆ రెండూ ఒకేచోట పడకపోతే పరికరం చూపే లోతును నమ్మరాదు.

మన పొలాల్లోని గొట్టాలలో అత్యధికం పీవీసీ, హెచ్‌డీపీఈ రకాలు. వాటిలో విద్యుత్తు ప్రవహించదు కనుక లొకేటరుకు అవి లేనట్లే. ఈ లోటును పూరించడానికి భూభేదక రాడార్ ఉన్నదని చెబుతారు. నిజమే, కాని అది ఏ నేలలో పనిచేస్తుంది అనే ప్రశ్నకు సమాధానం ఇంజనీరుకంటే నేల శాస్త్రవేత్తకే బాగా తెలుసు.

రాడార్ తరంగం నేలలో ఎంత వేగంగా పోతుందనేది నేల డైఎలెక్ట్రిక్ స్థిరాంకంపై ఆధారపడుతుంది. పొడి ఇసుకలో ఆ విలువ 3 నుండి 5. నీటికి సుమారు 80. కనుక నేలలోని నీరే వేగాన్ని నిర్ణయిస్తుంది. మన ప్రయోగశాలల్లో నేల తేమను కొలిచే టీడీఆర్ పరికరం ఇదే సూత్రంపై పనిచేస్తుంది. 1980లో టాప్, డేవిస్, అన్నన్ ప్రతిపాదించిన సమీకరణమే దానికి ఆధారం. ఆ ముగ్గురిలో అన్నన్ భూభేదక రాడార్ అభివృద్ధిలో కూడా ప్రముఖుడు కావడం యాదృచ్ఛికం కాదు.

ఈ సమీకరణంతో ఒక చిన్న లెక్క వేద్దాము. ఘనపరిమాణంలో సుమారు 17 శాతం తేమ ఉన్న నేలకు స్థిరాంకం 9. అందులో తరంగ వేగం నానోసెకనుకు 10 సెంటీమీటర్లు. తేమ 40 శాతానికి చేరితే స్థిరాంకం సుమారు 25, వేగం 6 సెంటీమీటర్లు. గొట్టాన్ని తాకి తిరిగి రావడానికి తరంగానికి 24 నానోసెకన్లు పట్టిందనుకొందాము. యంత్రంలో మొదటి వేగాన్ని అమర్చి ఉంటే గొట్టం 1.2 మీటర్ల లోతున ఉన్నట్లు తెరపై కనిపిస్తుంది. నేల నిజానికి తడిగా ఉంటే గొట్టం ఉన్నది 72 సెంటీమీటర్ల లోతులోనే. 1.2 మీటర్ల దిగువన గొట్టం ఉన్నదని నమ్మి, దానికి 50 సెంటీమీటర్లు పైన సురక్షితంగా పోతున్నాననుకొనే బోరు సరిగ్గా గొట్టం మీదికే పోతుంది. తేమ ఎంతో అడగకుండా ఇచ్చిన రాడార్ నివేదికకు విలువ లేదు. నీరు పెట్టిన తేదీని, ఒక ఆగరు నమూనా తేమ శాతాన్ని ఆ నివేదికతోపాటు జతపరచమని అడగడం మన హక్కు.

ఇక రెండవ అడ్డంకి తరంగ క్షీణత. మాంట్‌మొరిల్లొనైటు అధికంగా ఉన్న నల్లరేగడి, లవణాలు పేరుకున్న డెల్టా చివరి భూములు తరంగ శక్తిని త్వరగా హరిస్తాయి. ఇసుక నేలల్లో అనేక మీటర్ల లోతు చూడగలిగే యంత్రం ఇక్కడ తరచుగా మీటరు లోతును కూడా చేరలేదు. అమెరికా వ్యవసాయ శాఖ నేల సర్వే సమాచారం ఆధారంగానే ఏ నేల రాడార్‌కు అనుకూలమో తెలిపే పటాలను తయారు చేసింది. ఆ శాఖకే చెందిన శాస్త్రవేత్త బ్యారీ ఆల్రెడ్ బృందం ఒహాయో రాష్ట్రంలో 14 పరీక్షా స్థలాలలో పాత మురుగునీటి గొట్టాలను రాడార్‌తో వెతికినపుడు మొత్తం గొట్టాలలో సగటున 72 శాతం దొరికాయి. పరిశోధనగా ఇది మంచి ఫలితం. బోరు యంత్రం నడిపేవాని దృష్టితో చూస్తే నాలుగింట ఒక వంతుకు పైగా గొట్టాలు కనిపించలేదని అర్థం. తెరపై ఏమీ లేకపోవడం నేలలో ఏమీ లేదనడానికి నిదర్శనం కాదు.

గొట్టం మనదే అయినపుడు రాడార్‌కు మనము కొంత సాయం చేయగలము. తరంగంలో ఎంత భాగం తిరిగి వస్తుందనేది గొట్టంలోని పదార్థానికి, చుట్టూ ఉన్న మట్టికి గల భేదాన్ని బట్టి ఉంటుంది. రెండింటి స్థిరాంకాల వర్గమూలాల భేదాన్ని వాటి మొత్తంతో భాగిస్తే ఆ పాలు తెలుస్తుంది. స్థిరాంకం 25 ఉన్న తడి రేగడిలో గొట్టం ఖాళీగా ఉంటే ఈ విలువ 0.67, నీటితో నిండి ఉంటే 0.28. స్థిరాంకం 4 ఉన్న పొడి ఇసుక నేలలో దీనికి తారుమారు: ఖాళీ గొట్టానికి 0.33, నీరు నిండిన గొట్టానికి 0.63. సన్నని గొట్టాలకు ఈ సూత్రం యథాతథంగా వర్తించకపోయినా దిశ మాత్రం ఇదే. అంటే ఎర్ర ఇసుక నేలల్లో వేసవిలో వెతికేటపుడు డ్రిప్ మెయిన్‌ను నీటితో నింపి ఉంచాలి. తడిసిన నల్లనేలలో వెతకక తప్పకపోతే గొట్టంలోని నీటిని తీసివేసి వెతకాలి. వేసవిలో రేగడి ఎండుతుంది కదా, అప్పుడు వెతకవచ్చునని కొందరంటారు. పైపొర ఎండినా అడుగున తేమ నిలిచి ఉంటుంది, పైగా నెర్రెల అంచులు తెరమీద గొట్టాలవలె కనిపించి తికమక పెడతాయి. మా అనుభవంలో నల్లనేలకు రాడార్‌ను నమ్ముకోవడం కంటే గొట్టం లోపలికే వెళ్ళడం మేలు. సంకేతాన్ని వెలువరించే చిన్న సోండును ఫైబర్‌గ్లాసు రాడ్డు కొనకు కట్టి, కలెక్టరు గుంత నుండి గొట్టంలోకి నెడుతూ, పైన లొకేటరుతో దానిని వెంబడించి ప్రతి 5 మీటర్లకు ఒక మేకు పాతవచ్చు. చింతచెట్టు దగ్గర వంపు ఉన్నదని మాకు రుజువైనది ఈ విధంగానే.

పైరు కూడా ఒక పరికరమే. పాత కందకంలోని మట్టి ఎన్ని సంవత్సరాలైనా పక్క మట్టితో పూర్తిగా కలిసిపోదు. మంచి వాన పడిన రెండు మూడు రోజులకు డ్రోన్‌తో ఫొటోలు తీస్తే మురుగు గొట్టాల పైన ఉన్న నేల ముందుగా ఆరి లేత రంగు గీతలుగా కనబడుతుంది. అయితే ఇది దారిని చూపుతుంది గాని లోతును చెప్పదు. వేపపుల్లతోనో కొబ్బరికాయతోనో పైపు జాడ చెబుతామనేవారు బోరు పాయింట్లు చూసే వృత్తి నుండి ఇటువైపు కూడా వస్తున్నారు. అటువంటి సూచనపై ఆధారపడి డ్రిల్లు నడపడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు.

బోరుకు ముందు ఒక గుంత

పరికరాలన్నీ చెప్పేది అంచనా. కంటితో చూసి నిర్ధారించుకోవడానికి దాటవలసిన ప్రతిచోటా చేతితో తవ్విన పరీక్ష గుంత ఒక్కటే మార్గం. అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం 2002లో వెలువరించి 2022లో సవరించిన ప్రమాణంలో భూగర్భ సమాచారాన్ని నాలుగు స్థాయిలుగా విభజించారు. పాత కాగితాల మీది సమాచారం అట్టడుగు స్థాయి, నేలపై కనిపించే గుర్తులతో సరిచూసినది దానికి పైది, పరికరాలతో వెతికినది మూడవది, తవ్వి చూసినది అన్నింటికంటే పైస్థాయి. మా నక్షా అట్టడుగు స్థాయికి చెందినదని ఈ విభజన చదివిన తరువాత గాని మాకు తోచలేదు.

పరీక్ష గుంత మరొక విధంగా కూడా ఉపయోగపడుతుంది. బోరు కొట్టేటపుడు గుంతను తెరిచి ఉంచి, డ్రిల్లు కొన పాత గొట్టానికి ఎంత ఎడంలో దాటిపోతున్నదో ఒక మనిషి చూస్తూ ఉంటే సందేహానికి తావు లేదు. మా క్షేత్రంలో ఇప్పుడు ఏ బోరైనా మా గొట్టాలను లంబంగానే దాటాలని, నిలువున కనీసం 60 సెంటీమీటర్ల ఎడం ఉండాలని, గుంత తెరిచి చూపనిదే యంత్రం కదలరాదని నియమం పెట్టుకొన్నాము. మురుగు గొట్టాలున్న చోట బోరు పూర్తయ్యాక కలెక్టరు గుంత నుండి కెమెరా పంపి చూడడం, అది లేనిచోట తరువాతి తడికి ప్రతి గొట్టం నుండి వచ్చే నీటిని బకెట్టు, గడియారంతో కొలిచి పాత లెక్కతో పోల్చడం అలవాటు చేసుకోవాలి. పోల్చడానికి పాత లెక్క అంటూ ఉండాలి కదా అని మీరడగవచ్చు. మాకు అది కూడా లేదు.

లోతును దేని నుండి కొలుస్తున్నాము?

ఈ ప్రశ్నను ఇంజనీరింగు గ్రంథాలు అంతగా పట్టించుకోవు, ఎందుకంటే వీధి మట్టం తరచుగా మారదు. పొలం మట్టం మారుతూ ఉంటుంది. లేజరు లెవెలింగు చేసినపుడు మెరక మడి నుండి 15 లేక 20 సెంటీమీటర్ల మట్టి తీసి పల్లానికి చేరవేయడం సర్వసాధారణం. చెరువు మట్టి తోలినపుడు మట్టం పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల లోతున ఉన్నదని నమోదైన డ్రిప్ మెయిన్, లెవెలింగు తరువాత 40 సెంటీమీటర్ల లోతుకు వచ్చి సబ్‌సాయిలరుకు అందుతుంది. నక్షాలో మాత్రం అంకె మారదు. అందువల్ల లోతును నేల ఉపరితలం నుండి కాక, బోరు గట్టు లేదా పంపు షెడ్డు అరుగువంటి కదలని బెంచిమార్కు నుండి లెవెలుగా నమోదు చేయాలి. లేజరు లెవెలరును అద్దెకు ఇచ్చే కేంద్రాలు మట్టి కోసిన మడుల నక్షాను రైతుకు ఇచ్చే పద్ధతి పెడితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

స్థానాన్ని నమోదు చేయడానికి సెల్‌ఫోను జీపీఎస్ చాలదు. దాని దోషం కొన్ని మీటర్లు. ఆర్‌టీకే రకం పరికరం రెండు మూడు సెంటీమీటర్ల ఖచ్చితత్వం ఇస్తుంది. అది అందుబాటులో లేని రైతుకు కదలని మూడు గుర్తుల నుండి టేపుతో కొలిచిన దూరాలు, కందకం పూడ్చకముందు తీసిన ఫొటోలు సెల్‌ఫోను జీపీఎస్ కంటే నమ్మదగిన రికార్డు.

మన లైను ఎవరి రికార్డులో ఉంది?

తవ్వేవారికి, లైను యజమానులకు మధ్య సంధానం కోసం మన దేశంలో 2023 మార్చి 22న ప్రధానమంత్రి 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌ను ప్రారంభించారు. ఆ ఏడాది ఆరంభంలోనే భారత టెలిగ్రాఫ్ మౌలిక సదుపాయాల భద్రతా నియమాలు కూడా వెలువడ్డాయి. దేశంలో ఏటా దాదాపు 10 లక్షల చోట్ల ఆప్టికల్ ఫైబర్ కేబుళ్ళు తెగుతున్నాయని, నష్టం సుమారు 3,000 కోట్ల రూపాయలని ప్రభుత్వం అప్పుడు పేర్కొంది. అమెరికాలో 811 నంబరు, నెదర్లాండ్స్‌లో కడాస్టర్ సంస్థ నడిపే క్లిక్ వ్యవస్థ ఇటువంటివే.

ఈ వ్యవస్థలన్నీ నమోదైన లైన్లనే చూపగలవు. రైతు సొంత ఖర్చుతో వేసుకొన్న పీవీసీ లైను, రెండు పొలాల మధ్య అన్నదమ్ములు కలిసి వేసుకొన్న బోరు పైపు, విశ్వవిద్యాలయ క్షేత్రంలోని మురుగు గొట్టం ఏ రికార్డులో ఉన్నాయి? తవ్వేవాడు యాప్‌లో అడిగి, ఏమీ లేదన్న జవాబు పొంది, చట్టప్రకారం తన బాధ్యత తీర్చుకొని మన గొట్టాన్ని చీల్చుకొని పోవచ్చు. లోపం యాప్‌ది కాదు. మన లైన్లను మనము ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ విస్తరణ శాస్త్రవేత్తలు చేయగల పని ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో సూక్ష్మ సేద్య పథకం ప్రారంభమైన నాటి నుండి రాయితీపై వేసిన ప్రతి డ్రిప్ వ్యవస్థకూ డిజైను నక్షా తయారవుతున్నది. అది వేయదలచిన తీరును చూపే నక్షా. వేసిన తీరును చూపదు. తనిఖీకి వెళ్ళే సిబ్బంది కందకం పూడ్చకముందే వంపుల, వాల్వుల, రోడ్డు దాటే చోట్ల కొలతలు తీసి అదే కాగితంపై నమోదు చేస్తే కొత్త పథకమేదీ అవసరం లేకుండానే జిల్లా మొత్తానికి రికార్డు ఏర్పడుతుంది. దానితోపాటు రోడ్డు అంచున, పొలం గట్టున ఉన్న మెయిన్ లైన్ల పొడవునా తొడుగున్న రాగి తీగను పైపుకు టేపుతో అంటించి, రెండు కొసలను వాల్వు గుంతల్లోకి తేవాలని సిఫారసు చేయవచ్చు. ఆ తీగ ఉంటే ప్లాస్టిక్ గొట్టం లొకేటరుకు లోహపు గొట్టంలాగే కనిపిస్తుంది, నల్లనేల అయినా అడ్డురాదు. పూడ్చేముందు మల్టీమీటరుతో తీగ తెగలేదని చూసుకోవడం మరువరాదు. పూడ్చాక తెలిసిన లోపాన్ని సరిచేయడానికి మళ్ళీ కందకం తవ్వవలసిందే. గొట్టానికి 30 సెంటీమీటర్ల పైన పరిచే రంగు హెచ్చరిక టేపు జేసీబీని ఆపుతుంది. అడ్డంగా వచ్చే డ్రిల్లును ఆపదు.

గ్యాసు లైను పోయే పొలాల రైతులు తరచుగా అడిగే ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు చెప్పవలసి ఉంది. 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం ప్రకారం భూమి యాజమాన్యం రైతుదే. కంపెనీకి సంక్రమించేది వినియోగ హక్కు మాత్రమే. అంతకుముందు సాగినట్లే సాగు చేసుకోవచ్చు. ఆ పట్టీలో కట్టడం కట్టరాదు, చెరువు గాని బావి గాని తవ్వరాదు, చెట్లు నాటరాదు. డ్రిప్ మెయిన్‌నో మురుగు గొట్టాన్నో ఆ పట్టీకి అడ్డంగా దాటించవలసి వస్తే సూచిక స్తంభం మీది నంబరుకు ఫోను చేసి, లిఖితపూర్వకంగా తెలియజేసి, వారి మనిషి ఎదుటనే చేతితో తవ్వించాలి. సబ్‌సాయిలరు నడిపే ట్రాక్టరు యజమానికి ఆ పట్టీని ముందుగా చూపవలసిన బాధ్యత రైతుది. ట్రాక్టరు బయటి ఊరిదైతే ఇది మరీ అవసరం.

మా క్షేత్రం సంగతికి వస్తే, కేబులు వేసినవారు వచ్చి డక్టును మరింత లోతుగా మళ్ళించారు, మేము మురుగు గొట్టాన్ని అతికించాము. తరువాతి రబీలో ఆ పట్టీలోని నీటిమట్టం పక్క మడులతో సమానమైంది. మొత్తం 14 మురుగు గొట్టాలలో 11 గొట్టాల దారిని సోండుతో గుర్తించి, ఆర్‌టీకే కొలతలతో కొత్త నక్షా గీయించి, ఒక ప్రతిని పంచాయతీ కార్యాలయంలో ఇచ్చాము. మిగిలిన మూడింటిలోకి సోండు కొంత దూరం పోయి ఆగిపోతున్నది. పూడికా, వంపా, మరొక డక్టా అన్నది తవ్వితే గాని తెలియదు. ఆ మూడింటిని నక్షాలో చుక్కల గీతగా చూపి, వాటిలోకి ఎవరూ రాడ్డు పెట్టరాదని కలెక్టరు గుంత మూతలపై ఎర్ర రంగుతో రాయించాము.